కుండను నిలబెట్టేది ఆవమే

పగిలిన కుండ పెంకు ఒకటి చేతిలోకి తీసుకుని, విరిగిన అంచు వైపు చూడండి. బయట ఎరుపు, లోపల ఎరుపు, మధ్యలో పెన్సిల్ గీతంత నల్లటి చార కనిపిస్తుంది. ఆ నలుపు మట్టిలో మిగిలిపోయిన బొగ్గు. మట్టిలో కలిసిన గడ్డి వేళ్లు, పేడ, ఆకుల నలుసులు మంటలో కాలి పొగగా బయటికి పోవాలి. అందుకు గాలీ వేడీ టైమూ చాలకపోతే అవి లోపలే బొగ్గై ఉండిపోతాయి. చార సన్నగా ఉంటే ఆవం, అంటే కుండలు పేర్చి కాల్చే మంట, బాగానే కాలిందని అర్థం. లావుగా ఉంటే కట్టెలు చాలలేదు, లేదా ఎవరో తొందరపడ్డారు. అంచు మొత్తం ఒకే ఎరుపుగా ఉందంటే ఆ కుండ నిదానంగా, నిండుగా కాలింది.

కుండ అనగానే అందరికీ గుర్తొచ్చేది సారె, అంటే కుమ్మరి చక్రం. ఫొటోలు తీసేది సారెనే, స్కూలు పిల్లలకు చూపించేది సారెనే, ప్రభుత్వ పథకాల్లో పంచేదీ సారెనే. తిరిగే చక్రం మీద మట్టిముద్ద పైకి లేచి కడవ కావడం ఎన్నిసార్లు చూసినా తనివితీరదు. కానీ సారె మీద నుంచి దిగింది ఇంకా కుండ కాదు. ఎండబెట్టి నీళ్లలో వేస్తే కాసేపట్లో బురదైపోతుంది. దాన్ని కుండగా మార్చేది ఆవం. కుమ్మరికి నష్టం వచ్చేది అక్కడే, వస్తువుకు విలువ పుట్టేదీ అక్కడే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఈ పని ఎందుకు కష్టమైపోయిందో తెలియాలన్నా ముందు ఆవం వైపే చూడాలి.

మంటకు నిలిచే గుణం మట్టితోనే మొదలవుతుంది. గుంటూరు వైపు పొలాల్లో నల్లరేగడి ఎక్కువ. పత్తికీ మిరపకూ అది బంగారం లాంటి నేల, కుండకు మాత్రం ఒంటిగా పనికిరాదు. ఆ మట్టి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. వేసవిలో చేలల్లో కాలు దిగేంత నెర్రెలు పడేది అందుకే. అదే మట్టితో కుండ చేస్తే ఆ నెర్రె కుండకూ పడుతుంది. అందుకని చెరువు మట్టి, ఏటి ఒండ్రు, ఎర్రమట్టి, సన్న ఇసుక కలిపి వాడతారు. పాళ్లు ఎక్కడా రాసి ఉండవు. తడిపిన మట్టిని కాళ్లతో తొక్కి, చేత్తో పిసికి, తాడులా చేసి వేలికి చుట్టి చూస్తారు. బీటలివ్వకుండా వంగితే సారె ఎక్కుతుంది. ఇసుక మట్టిలో ఎముకల్లాంటిది. ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకోనివ్వదు, తడి బయటికి రావడానికి సందులిస్తుంది.

మట్టిలో రాళ్లు ఏరే పని చూడటానికి చాదస్తంలా ఉంటుంది కానీ దాని వెనక పెద్ద కారణం ఉంది. నల్లమట్టిలో తెల్లటి సున్నపు గుళ్లు ఉంటాయి. ఆవంలో 800 డిగ్రీల దగ్గరికి వెళ్లేసరికి అవి పొడి సున్నంగా మారతాయి. కుండ బయటికొచ్చాక ఆ సున్నం గాలిలో తేమ పీల్చుకుని మెల్లగా ఉబ్బుతుంది. కొన్న పది రోజులకు కుండ పొట్ట మీద కందిగింజంత పెచ్చు ఊడి, గుంట మధ్యలో తెల్ల చుక్క కనిపించిందంటే జరిగింది అదే. అంగట్లో బాగానే ఉన్న కుండ ఇంటికొచ్చాక చెడిందని చాలామంది అమ్మినవాళ్లను తప్పుపడతారు. తప్పు మాత్రం మట్టి ఏరిన రోజుది.

సారె పని గురించి ఇప్పటికే చాలామంది రాశారు. దాని తర్వాత వచ్చే పని మీద మాత్రం చూపు పడదు. పెద్ద కుండకు సారె మీద మూతి, మెడ, మందమైన ఒళ్లు మాత్రమే తయారవుతాయి. కాస్త ఆరాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్కతో దరువు వేసినట్టు కొడుతూ గోడను పల్చన చేస్తారు, అడుగును మూస్తారు, పొట్టను ఉబ్బిస్తారు. ఆ దెబ్బలకు మట్టిలో గాలి బుడగలు పోయి రేణువులు దగ్గరవుతాయి. అడుగు గుండ్రంగా ఉండటం అందం కోసం కాదు. మూల ఉన్నచోట వేడి ఒకేలా పాకదు, చీలిక అక్కడే మొదలవుతుంది. గుండ్రటి అడుగు మూడు రాళ్ల పొయ్యి మీద కుదురుగా కూర్చుంటుంది, మంటను సమానంగా పంచుకుంటుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అనే సామెత అత్తాకోడళ్ల గురించే అయినా, కుండ ముందు పోయేది అడుగు దగ్గరే అన్న ఎరుక అందులో ఉంది.

ఆరబెట్టడం నీడలోనే జరగాలి. విజయవాడ మే నెల ఎండలో పెడితే పైన తొందరగా ఆరి, లోపల తడి మిగిలి, మూతి చుట్టూ బీట పడుతుంది. వానాకాలంలో కష్టం ఇంకోలా ఉంటుంది. ఈ ప్రాంతం నుంచి నైరుతి వానలు వెళ్లీవెళ్లకుండానే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు మొదలవుతాయి. ప్రమిదలకు గిరాకీ సరిగ్గా అప్పుడే, దీపావళికీ కార్తీక మాసానికీ. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, అంటే కార్తీకం ఇంకా నడుస్తుండగానే. రోజుల తరబడి ముసురు పడితే ప్రమిద ఆరదు, కట్టె ఆరదు, ఆవం పెట్టే నేల ఆరదు. జనం ఎక్కువగా కొనే నెలలూ కాల్చడానికి వీలు కాని నెలలూ ఒకటే కావడం ఈ పనికి ఇక్కడున్న పెద్ద చిక్కు. ముందుగా చేసి నిల్వ పెట్టుకోవాలంటే చోటు కావాలి, పెట్టుబడి కావాలి.

ఆవం పేర్చడం పగలంతా పట్టే పని. కొంచెం గుంటగా చదును చేసిన చోట అడుగున ఎండు కట్టెలు, వాటి మీద పిడకలు పరుస్తారు. పెద్ద బానలు కింద, వాటి సందుల్లో కడవలు, ఆ పైన చట్లు, మూకుళ్లు, మిగిలిన ఇరుకుల్లో ప్రమిదలు, పిడతలు. కుండకూ కుండకూ మధ్య మంట దూరేంత సందు ఉండాలి, కదిలి ఒరిగిపోయేంత ఉండకూడదు. పైన వరిగడ్డి మందంగా కప్పి, దాని మీద పల్చగా బురద మెత్తి, అక్కడక్కడ వేళ్లతో పొడిచి కన్నాలు వదులుతారు. డెల్టా ఊళ్లలో వరిగడ్డికి కొదవ లేదు, దానికి ఇంకో సుగుణం కూడా ఉంది. గడ్డి బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. అందుకే గడ్డి కాలిపోయాక కూడా బూడిద చెదిరిపోకుండా దుప్పటిలా కుండలను కప్పి వేడిని పట్టి ఉంచుతుంది.

గాలి తగ్గాక, సాయంత్రం పూట నిప్పు పెడతారు. మొదటి రెండు మూడు గంటలు మంట ఎగసిపడకూడదు. తెల్లటి పొగ నిదానంగా రావాలి, అది మట్టిలో మిగిలిన తడి. ఆ తడి ఒక్కసారిగా ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది. కుండ గోడకు అంత చోటు ఎక్కడిది? ఆవం లోపల నుంచి టప్‌మని చప్పుడు వినిపించిందంటే ఒక కుండ పోయినట్టే. బయట కూర్చున్నవాళ్లు ఆ చప్పుళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. చెయ్యగలిగింది ఏమీ ఉండదు, నిప్పును కాస్త తగ్గించడం తప్ప. ఒకటి పగిలితే దాని ముక్కలు పక్కవాటిని కూడా కొడతాయి.

తర్వాత 450 నుంచి 600 డిగ్రీల మధ్య అసలు మార్పు జరుగుతుంది. మట్టి రేణువుల్లోనే ఇమిడి ఉన్న నీరు విడిపోతుంది. అక్కడి నుంచి ఇక వెనక్కి రావడం ఉండదు, నీళ్లలో నానబెట్టినా అది మళ్లీ మెత్తటి మట్టి కాదు. కుండలు మసకగా ఎర్రబడటం కన్నాల్లోంచి కనిపిస్తుంది. థర్మామీటరు ఎవరి దగ్గరా లేదు, రంగే కొలత. చీకట్లో కమిలిన ఎరుపు కనిపిస్తే సుమారు 600, పండు ఎరుపు తిరిగితే 750 దాటినట్టు, నారింజ వైపు వెళ్తే 900 దగ్గరికి వచ్చినట్టు. రాత్రి పూట కాల్చడానికి గాలి ఒక కారణమైతే ఈ రంగు రెండోది, పగటి వెలుతురులో ఆ తేడా కంటికి ఆనదు. మన ఊళ్లలో పెట్టే ఆవాలు సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల మధ్యే కాలతాయి.

తెల్లారగానే తెరవాలని ఎవరికైనా ఆత్రంగానే ఉంటుంది. కానీ మట్టిలోని ఇసుక రేణువులు 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కొలత మారతాయి, ఎక్కేటప్పుడు ఉబ్బి, దిగేటప్పుడు ముడుచుకుంటాయి. వేడి బూడిద తొలగించి చల్లగాలి తగలనిస్తే, కాలడంలో నిలిచిన కుండ చల్లారడంలో చీలిపోతుంది. అలా పోయిన కుండకు వెంట్రుకంత గీత మాత్రమే ఉంటుంది. కంటికి కనిపించదు, వేలితో కొడితే చెవికి తెలుస్తుంది.

రంగు కూడా మంట పెట్టే రంగే. మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి బాగా ఆడితే అది ఎర్రబడుతుంది. పైన జేగురు పూస్తే ఆ ఎరుపు ఇంకా నిండుగా వస్తుంది. గాలి ఆడకుండా ఆవాన్ని మూసేసి, లోపల ఊకో పేడో పొగేస్తే మసి రంధ్రాల్లోకి దిగి కుండ నల్లబడుతుంది. నల్లకుండ తక్కువ చెమరుస్తుంది కాబట్టి వంటకు బాగుంటుంది. ఎర్రకుండ నీళ్లకు బాగుంటుంది. ఒకే మట్టి, ఒకే చెయ్యి, మంటకు గాలి ఇచ్చామా లేదా అన్నదే తేడా.

ఈ తెలివి ఇక్కడ కొత్తది కాదు. గుంటూరుకు దగ్గర్లో, అమరావతి పక్కనున్న ధరణికోటలో 1960లలో జరిగిన తవ్వకాల్లో నలుపు, ఎరుపు కలిసిన పాత్రలు దొరికాయి. లోపలా మూతి దగ్గరా నలుపు, బయట ఎరుపు. పాత్రను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుంది, బయట గాలి తగిలి ఎర్రబడుతుంది. వాటిని ఒకే కాల్పులో చేశారా, రెండు సార్లు కాల్చారా అనే చర్చ పండితుల్లో ఉంది కానీ గాలిని కావాలని వాడుకున్నారన్నది స్పష్టం. రూలెటెడ్ వేర్ అనే సన్నటి చుక్కల వరసలున్న పళ్లేలు కూడా అక్కడ దొరికాయి. ఒకప్పుడు వాటిని రోము నుంచి వచ్చినవనుకున్నారు. మట్టిని పరీక్షించాక మన దేశంలో చేసినవేనని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. రెండు వేల ఏళ్ల కిందట మన దేశంలో అంత నున్నటి, పల్చటి పళ్లేన్ని పగలకుండా కాల్చినవాళ్లు ఉన్నారంటే ఒళ్లు పులకరిస్తుంది.

‘కట్టెల మంటలో కాల్చినవి’ అనే మాట ఇప్పుడు ఆన్‌లైన్ అమ్మకాల్లో తరచూ కనిపిస్తోంది. ఆ మాట కింద రెండు వేరు వేరు వస్తువులు ఉన్నాయి. మన ఆవంలో కాలిన కుండ ఒకటి. రెండోది స్టోన్‌వేర్, వేరే రకం మట్టితో చేసి 1,250 నుంచి 1,300 డిగ్రీల దాకా రోజుల తరబడి కట్టెలు వేస్తూ కాల్చేది. అంత వేడిలో ఎగిరే బూడిదలోని సున్నం, పొటాష్ మట్టిలోని సిలికాతో కలిసి కరిగి గాజుపూతగా మారతాయి. జపాన్‌లో అనగామా అనే కట్టెల బట్టీలు ప్రసిద్ధి కెక్కింది ఇలాంటి పూతతోనే. మన దగ్గర పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్టోన్‌వేర్‌కు పేరు తెచ్చింది. 800 డిగ్రీల ఆవంలో బూడిద కరగదు, పూత రాదు. పైగా స్టోన్‌వేర్ గిన్నె నీళ్లు చెమర్చదు కాబట్టి చల్లబరచదు, నేరుగా పొయ్యి మంట మీద పెడితే చాలాసార్లు చిట్లిపోతుంది. తక్కువ వేడిలో కాలి, ఇసుకతో గరుకుగా, రంధ్రాలతో ఉన్న మన చట్టి మాత్రం చేపల పులుసు ఉడికేంతసేపు మంటను ఓర్చుకుంటుంది. పుట్టిన చిన్న చీలిక ఏదో ఒక రంధ్రం దగ్గర ఆగిపోతుంది, ముందుకు పాకదు. మన కుండను స్టోన్‌వేర్ పక్కన పెట్టి నాసిరకం అనడం అన్యాయం.

నీళ్ల కుండ సంగతీ అంతే, కాల్పు మీదే ఆధారపడింది. రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది. పది లీటర్ల కుండలో వంద మిల్లీలీటర్లు ఆవిరైతే, బయటి వేడిని పక్కన పెడితే, మిగతా నీళ్లు ఐదారు డిగ్రీలు చల్లబడతాయి. ఎక్కువ కాలిస్తే రంధ్రాలు మూసుకుపోయి చెమర్చదు, తక్కువ కాలిస్తే కారిపోతుంది. దీనికి ఊరి గాలి కూడా తోడవ్వాలి. 42 డిగ్రీల వడగాలిలో తేమ 25 శాతం ఉంటే ఆవిరితో నీళ్లు చల్లబడగలిగే హద్దు సుమారు 26 డిగ్రీలు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి, 36 డిగ్రీల ఉక్కలో తేమ 65 శాతానికి చేరితే ఆ హద్దు 30 దగ్గరే ఆగిపోతుంది. బెజవాడ చలివేంద్రాల్లో మిట్టమధ్యాహ్నం చల్లగా ఉన్న కుండ నీళ్లు రాత్రికి ‘అంత చల్లగా లేవే’ అనిపించడానికి కారణం ఇదే, కుండ పాడవ్వడం కాదు. చలివేంద్రం కుండల కింద ఇసుక పోసి తడిపేది, చుట్టూ తడి గోనె కట్టేది ఆవిరయ్యే చోటు పెంచడానికే. అందం కోసం పెయింటో వార్నిషో పూసిన కుండ కొంటే ఆ మేరకు చల్లదనం పోతుంది.

డబ్బు లెక్కకు వద్దాం. ఉదాహరణకు ఒక ఆవంలో వంద కుండలు పేర్చారనీ, మట్టి, కూలి, కట్టెలు అన్నీ కలిపి ఒక్కోదానికి 60 రూపాయలు పడిందనీ అనుకుందాం. మొత్తం 6,000. ఇరవై పగిలితే మిగిలిన ఎనభై కుండలే ఆ 6,000 మోయాలి, ఒక్కోటి 75 అవుతుంది. అంటే పగుళ్లు తగ్గించడమంటే ధర పెంచకుండానే ఆదాయం పెంచడం. సారె ఎంత వేగంగా తిరిగినా ఈ లెక్క మారదు, ఆవం మారితేనే మారుతుంది.

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో మొదలుపెట్టిన కుమ్మరి సాధికారత పథకంలో ప్రధానంగా ఇచ్చింది కరెంటు సారెలు. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరు 17న వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఉన్నాయి. కరెంటు సారె మంచిదే. భుజాలు, నడుములు పడిపోకుండా కాపాడుతుంది, ఆడవాళ్లకూ పెద్దవాళ్లకూ పని అందుబాటులోకి తెస్తుంది. దాంతో రోజుకు రెట్టింపు కుండలు దిగినా, వాటిని ఆరబెట్టే షెడ్డు, కాల్చే చోటు మాత్రం పాతవే. రెట్టింపు కుండలను అదే ఆవంలో కుక్కితే పగుళ్లూ పెరుగుతాయి. 15,000 రూపాయలతో చక్రం వస్తుంది, గోడలూ జల్లెడలా కన్నాలున్న నేలా పొగగొట్టమూ ఉన్న బట్టీ రాదు.

అసలు చోటు ఎక్కడుంది? విజయవాడలో భవానీపురం దారిలో కుమ్మరిపాలెం సెంటర్ ఉంది. పేరులో కుమ్మరులు ఉన్నారు, చుట్టూ బస్సులు, ఆటోలు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అలాంటి చోట రాత్రంతా పొగ వస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు, ఊరుకోవాలని అనడం కూడా న్యాయం కాదు, ఆ పొగ పీల్చే పిల్లలూ ముసలివాళ్లూ ఉంటారు. మట్టి దొరికే దారులు కూడా మూసుకుపోతున్నాయి. చెరువులు చేపల గుంటలయ్యాయి, ప్లాట్లయ్యాయి. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక కృష్ణలో కిందికి వచ్చే ఒండ్రు బాగా తగ్గింది. కట్టెలు కొనాల్సిందే.

ఇంత చెప్పాక కూడా దారి లేదనడం సరికాదు. పొగ అంటే కాలకుండా పోయిన కట్టె, అంటే వృథా అయిన డబ్బు. కింద మంట, మధ్య జల్లెడ నేల, పైన కుండలు, ఆ పైన పొగగొట్టం ఉన్న నిలువు బట్టీలో ఎండిన సన్న పుల్లలు కొద్దికొద్దిగా వేస్తే పొగ తగ్గుతుంది, వేడి చేతిలో ఉంటుంది, మంట నాలుక నేరుగా కుండకు తగలదు. కట్టె సంగతికొస్తే, గుంటూరు, పల్నాడు చేలల్లో పంట అయిపోయాక పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె గుట్టలుగా మిగులుతాయి. చాలాచోట్ల చేలోనే తగలబెడతారు. అదే కట్టెను ఊరి బయట ఒక ఉమ్మడి బట్టీకి చేరిస్తే చెట్టు కొట్టక్కర్లేదు. నాలుగైదు కుటుంబాలు వంతులు వేసుకుని కాల్చుకోవచ్చు. పంచాయతీ స్థలం, ఒక షెడ్డు, ఒక బట్టీ, చెరువు మట్టి తవ్వుకోవడానికి రాతపూర్వకమైన హక్కు ఇస్తే చాలు, ఇంకో వంద సారెలు పంచిన దానికంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

కట్టెల మంటకు లేనిపోని మహిమలు అంటగట్టక్కర్లేదు. గ్యాసు బట్టీలో అదే మట్టిని అదే వేడికి కాలిస్తే నీళ్లు అంతే చల్లబడతాయి. మట్టిచట్టిలో వండితే రోగాలన్నీ పోతాయనే ప్రచారం కూడా ఈ కళకు మేలు చెయ్యదు, నమ్మి కొన్నవాళ్లు ఒకరోజు తిరగబడతారు. చట్టి నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది, పులుసు అడుగంటకుండా ఉడుకుతుంది, పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఈ నిజాలు చాలు. పల్లెలో చేతికందే కట్టెతో కాలడం, పొగతో నలుపు రావడం, ఒక్కో కుండ పొట్ట మీద పక్క కుండ ఆనిన చోట మచ్చ పడటం కట్టెల ఆవానికి దక్కినవి. ఆ మచ్చను లోపమనుకుని బేరం తగ్గించేవాళ్లున్నారు. అది మంట ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూపించే గుర్తు మాత్రమే.

కొనేటప్పుడు రంగు చూడటం కంటే వినడం మేలు. కుండను ఒక చేత్తో మూతి దగ్గర వదులుగా పట్టుకుని రెండో చేతి వేలి కణుపుతో పొట్ట మీద కొట్టాలి. ఖంగుమంటే నిండుగా కాలింది, బొదబొదమంటే కాల్పు చాలలేదు, చిల్లుగొంతులా పలికితే ఎక్కడో గీత ఉంది. వంటకు తెచ్చుకున్న చట్టిని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, తర్వాత సన్న సెగ మీద గంజి కాచాలి. గంజి పిండి రంధ్రాల్లో దిగి చెమర్చడం తగ్గిస్తుంది.

ఆవం తెరిచే పొద్దున కూడా ఇదే పరీక్ష జరుగుతుంది. గడ్డి బూడిదను పక్కకు లాగి, ఇంకా గోరువెచ్చగా ఉన్న కడవలను ఒక్కొక్కటే ఎత్తి, బూడిద ఊది, కణుపుతో కొట్టి వింటారు. ఖంగుమన్నవి ఒక వరస, అనుమానమున్నవి ఒక వరస. పగిలినవాటిని పారెయ్యరు. పెంకులన్నీ ఏరి ఒక మూల పోగేస్తారు. వచ్చే ఆవం పేర్చాక, గడ్డి పరిచే ముందు, పచ్చి కుండల మీద ఆ పెంకులనే వరసగా కప్పుతారు.